చేతిలోని పనే వీసాలో ఉండాలి

విదేశీ ఉద్యోగానికి సిద్ధమవుతున్న కుటుంబాలు ముందుగా తెలుసుకోవలసిన సంగతులు

జుమా నమాజు ముగించుకుని మసీదు మెట్లు దిగేవారి మాటల్లో వీసా ప్రస్తావన రాని శుక్రవారం ఉత్తర తెలంగాణలో అరుదు. కరీంనగర్ నుంచి పెద్దపల్లి పోయే రాజీవ్ రహదారి మీది సుల్తానాబాద్ ఇందుకు మినహాయింపు కాదు. ఊరి చుట్టూ రైస్ మిల్లులు, ముందుకు పోతే బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీ, ఇంకా ముందుకు పోతే రామగుండం విద్యుత్ కేంద్రం, గోదావరిఖని బొగ్గు గనులు. ఫిట్టరు పని, వెల్డింగు, కరెంటు పని, మోటారు మరమ్మతు ఈ ప్రాంతపు పిల్లలు చిన్నప్పటి నుంచి కళ్లారా చూస్తూ పెరిగే విద్యలు. 1973 తర్వాత చమురు ధర పెరిగి అరబ్బు దేశాల్లో నిర్మాణాలు ఊపందుకోగానే కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాల నుంచి మొదలైన వలస ఇప్పటికీ ఆగలేదు. తాత పోయిన దేశానికే మనుమడు పోతున్న ఇళ్లు మనలో ఎన్నో ఉన్నాయి.

అయితే తాత పోయిన రోజులు వేరు, ఇప్పటి రోజులు వేరు. అప్పుడు కావలసింది రెక్కల కష్టం మాత్రమే. నేడు గల్ఫ్ ప్రభుత్వాలు కూడా పనివాని నైపుణ్యాన్ని పరీక్షించి, తరగతులుగా విభజించి, ఆ తర్వాతే అనుమతి ఇస్తున్నాయి. మరోవైపు జర్మనీ, జపాన్ వంటి దేశాలు చేతివిద్య తెలిసినవారికి తలుపులు తెరిచాయి. దారులు పెరిగాయి. దారులతో పాటు మోసాలూ పెరిగాయి. కనుక ‘ఏ దేశం వీసా దొరుకుతుంది?’ అన్న ప్రశ్నకు ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. మనకు వచ్చిన పని, దానికి మన దగ్గరున్న సర్టిఫికెట్, వీసా మీద రాసిన ఉద్యోగం... ఈ మూడూ ఒకే మాట చెబుతున్నాయా? మూడింటిలో ఏ ఒక్కటి వేరే మాట చెప్పినా ఆ ప్రయాణం అప్పుతోనో, జైలుతోనో ముగిసే ప్రమాదం ఉంది.

మద్‌యన్‌లో కుదిరిన ఒప్పందం

పరాయి దేశంలో కూలి పని గురించి దివ్య ఖుర్‌ఆన్‌లో ఒక అద్భుతమైన ఘట్టం ఉంది. ఖసస్ సూరాలో వచ్చే హజ్రత్ మూసా (అలైహి) వృత్తాంతమిది. ఆయన ఈజిప్టు నుంచి ప్రాణభయంతో బయలుదేరి మద్‌యన్ చేరారు. చేతిలో డబ్బు లేదు, ఊళ్లో తెలిసినవారు లేరు. బావి దగ్గర ఇద్దరు యువతుల పశువులకు నీళ్లు తోడి పెట్టి, నీడకు వెళ్లి అల్లాహ్‌ను వేడుకున్నారు. తర్వాత ఆ యువతుల్లో ఒకరు తండ్రితో ఇతన్ని పనికి పెట్టుకోమని చెబుతూ, పనివానిలో ఉండవలసిన గుణాలు రెండు పేర్కొన్నారు. ఒకటి శక్తి, రెండవది నమ్మకం. శక్తి అంటే కండబలమే కాదు, పని చేయగల సామర్థ్యం కూడా అని పండితులు వివరించారు.

ఆ తర్వాత జరిగినది మరీ గమనించదగినది. ఆ పెద్దమనిషి మూసా (అలైహి)తో గడువు ముందే చెప్పారు. ఎనిమిదేళ్లు తప్పనిసరి, పదేళ్లు నిండించడం ఇష్టపూర్వకం. ప్రతిఫలం ఏమిటో చెప్పారు. కష్టపెట్టే ఉద్దేశం లేదనీ చెప్పారు. మూసా (అలైహి) దానికి అంగీకరించి అల్లాహ్‌ను సాక్షిగా పెట్టుకున్నారు. ఆకలితో ఉన్న పరదేశి, అవసరం గట్టిగా ఉన్న మనిషి కూడా పని ఏమిటో, గడువు ఎంతో, ప్రతిఫలం ఏదో తేల్చుకున్న తర్వాతే పనిలో దిగారు. వేలాది మైళ్ల దూరం పోతున్న మన పిల్లలు ఈ మూడింటిలో ఒక్కటీ తెలియకుండా విమానం ఎక్కుతున్నారంటే తప్పు ఎక్కడ ఉందో ఆలోచించాలి.

వీసా మీద పేరు ఒక్క మాటే, కాని...

‘చాచా, వీసా మీద ఏ పని రాసి ఉంది?’ అని కుర్రవాడు అడిగితే మన ఊళ్లలో ఏజెంట్ల నుంచి తరచు వచ్చే జవాబు ఒక్కటే. ‘ఏది రాసి ఉంటేంది బేటా, ముందుగాల పోనీ. పోయినంక అంతా సూస్కుందాం.’ ఈ ‘పోయినంక’ అన్న మాట దగ్గరే ఎన్నో కుటుంబాలు మునిగాయి. అక్కడి చట్టం పోయిన తర్వాత చూసుకోనివ్వదు.

ఉదాహరణకు సౌదీ అరేబియాను తీసుకుందాం. 2021 మార్చిలో అక్కడి ప్రభుత్వం కార్మిక సంస్కరణలు తెచ్చింది. కొన్ని షరతులకు లోబడి, ఏడాది పని చేసిన తర్వాత యజమాని అనుమతి లేకుండానే వేరే ఉద్యోగానికి మారే వీలు కల్పించింది. ఈ సౌకర్యం కంపెనీ కార్మికులకు వర్తించింది. ఇంటి డ్రైవరు, ఇంటి పనివారు, తోటమాలి, గొర్రెల కాపరి వీసాల మీద వెళ్లినవారిని మాత్రం దాని నుంచి మినహాయించారు. ఇద్దరూ డ్రైవర్లే. ఇద్దరూ ఒకే రోడ్డు మీద బండి నడుపుతారు. ఒకరి వీసా కంపెనీది, మరొకరిది ఇంటిది. ఆ ఒక్క మాట తేడాతో హక్కులే మారిపోయాయి.

కువైట్‌లో 18వ నంబరు వీసా ప్రైవేటు కంపెనీల పనికి, 20వ నంబరు వీసా ఇంటి పనికి. ఇంటి పని వీసా మీద వెళ్లి హోటల్లోనో, గ్యారేజీలోనో పని చేస్తూ పట్టుబడితే అది నేరం. అక్కడ పని ఇప్పించిన మనిషి ఆ రోజున కనిపించడు.

ఇక ‘ఆజాద్ వీసా’ సంగతి. ఏ దేశపు చట్టంలోనూ ఈ పేరు గల వీసా లేదు. ఒక కఫీల్ డబ్బు తీసుకుని తన పేరున వీసా ఇస్తాడు. పని మాత్రం తన దగ్గర ఉండదు, బయట ఎక్కడైనా చూసుకోమంటాడు. ఏటేటా ఇఖామా రెన్యువల్‌కు మళ్లీ డబ్బు అడుగుతాడు. గొడవ వస్తే ‘పారిపోయాడు’ అని హురూబ్ రాయిస్తాడు. సౌదీ 2011లో నితాఖత్ విధానం తెచ్చి, 2013లో కాగితాలు సరిచేసుకోవడానికి గడువు ఇచ్చినప్పుడు లక్షలాది భారతీయులు పరుగులు తీయవలసి వచ్చింది. లక్షకు పైగా మనవాళ్లు స్వదేశానికి తిరిగి వచ్చారు. వారిలో కఫీల్ ఒకరు, పని చేసేది మరొకరి దగ్గర అన్న స్థితిలో ఉన్నవారు ఎందరో.

విజిట్ వీసా మీద పనికి పోవడం దీనికన్నా ప్రమాదం. చూసి వచ్చేందుకు ఇచ్చిన అనుమతితో పని చేయడం చట్టవిరుద్ధం. జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదు చేయడానికి చేతిలో ఒప్పందం ఉండదు. యు.ఏ.ఇ. ప్రభుత్వం 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు క్షమాభిక్ష ప్రకటించినప్పుడు గడువు మీరి ఉన్నవారికి జరిమానా లేకుండా బయటపడే వీలు కలిగింది. ప్రతిసారీ క్షమాభిక్ష వస్తుందన్న ధీమాతో ఎవరూ ప్రయాణం కట్టరాదు.

వీసా మీది పేరు సంసారాన్ని కూడా ప్రభావితం చేస్తుంది. భార్యాపిల్లలను పిలిపించుకునే వీలు ఉంటుందా లేదా అన్నది చాలా గల్ఫ్ దేశాల్లో ఉద్యోగాన్ని, జీతాన్ని బట్టి ఉంటుంది. యు.ఏ.ఇ.లో నెలకు 4,000 దిర్హమ్‌ల జీతం, లేదా 3,000 దిర్హమ్‌లతో పాటు వసతి ఉన్నవారికి కుటుంబాన్ని తెచ్చుకునే వీలు ఇచ్చారు. చేతిలో మంచి విద్య ఉండి కూడా ‘లేబర్’ అన్న పేరున వెళ్లినవాడు ఏళ్ల తరబడి పిల్లల ముఖం ఫోనులో చూసుకోవలసిందే.

ఉస్తాద్ నేర్పిన విద్యకు కాగితం

మన సముదాయంలో ఒక విశేషం ఉంది. ఎందరో పిల్లలు ఐ.టి.ఐ.లో కాకుండా ఉస్తాద్ దగ్గర పని నేర్చుకుంటారు. పన్నెండేళ్ల వయసులో షాపులో చేరిన బడుగు కుర్రవాడు ఇరవై ఏళ్లు వచ్చేసరికి ఇంజను శబ్దం విని రోగం చెప్పగలడు. కాని అతని దగ్గర ఒక్క కాగితం ఉండదు. పదవ తరగతి సర్టిఫికెట్ కూడా ఉండదు. విదేశీ వీసా అధికారి ముందు అతను నైపుణ్యం లేని కూలీ. అదే అతని అసలు నష్టం.

ఈ నష్టాన్ని పూడ్చుకునే మార్గాలు ఉన్నాయి. మొదటిది పదవ తరగతి. తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ద్వారా, లేదా జాతీయ ఓపెన్ స్కూల్ ద్వారా పని చేసుకుంటూనే పరీక్ష రాయవచ్చు. పదవ తరగతి పాసైనవారికి పాస్‌పోర్టు మీద ‘ఎమిగ్రేషన్ చెక్ అవసరం’ అన్న ముద్ర ఉండదు. ఆ ముద్ర ఉన్నవారు గల్ఫ్ దేశాలు, మలేషియా, థాయ్‌లాండ్, ఇరాక్ తదితర 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తీసుకోవాలి. హైదరాబాద్‌లో ఈ కార్యాలయం ఉంది. ఈ అనుమతిని చాలామంది అడ్డంకిగా భావిస్తారు. నిజానికి ఒప్పందం, జీతం, యజమాని వివరాలు ప్రభుత్వ రికార్డులోకి ఎక్కించే రక్షణ అది. ముద్ర లేని పాస్‌పోర్టు ఉన్నవారికి ఈ తనిఖీ ఉండదు కాబట్టి వారు తమ కాగితాలను తామే రెండింతలు జాగ్రత్తగా చూసుకోవాలి.

రెండవది పని సర్టిఫికెట్. చిన్న వయసువారు ఐ.టి.ఐ.లో చేరడమే ఉత్తమం. ఫిట్టరు, ఎలక్ట్రీషియన్ రెండేళ్ల కోర్సులు, వెల్డరు ఏడాది కోర్సు. ఈ సంవత్సరాల లెక్కకు ఎంత విలువ ఉందో ముందు ముందు చూస్తాం. ఇప్పటికే పని వచ్చినవారికి ముందే నేర్చుకున్న నైపుణ్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు కేంద్ర ప్రభుత్వ నైపుణ్య పథకాల్లో ఉంది. భవన నిర్మాణ పనులకు హైదరాబాద్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ శిక్షణ ఇస్తుంది.

మూడవది గమ్య దేశం పెట్టే పరీక్ష. సౌదీ ప్రభుత్వం ప్లంబరు, ఎలక్ట్రీషియన్, వెల్డరు, ఏసీ మెకానిక్ వంటి పనులకు మన దేశంలోనే నైపుణ్య పరీక్షలు ప్రారంభించింది. 2025 జనవరి 14 నుంచి భారతీయుల పని వీసాలకు వృత్తి, విద్యార్హతల ముందస్తు ధ్రువీకరణను తప్పనిసరి చేసింది. అదే ఏడాది పని అనుమతులను ఉన్నత నైపుణ్యం, నైపుణ్యం, సాధారణం అని మూడు తరగతులుగా విభజించింది. అంటే వెల్డింగు రాని వాడిని వెల్డరు వీసా మీద పంపే పాత పద్ధతికి కాలం చెల్లింది. పని వచ్చినవారికి ఇది శుభవార్తే.

దొంగ సర్టిఫికెట్ కొని పెడతామనే వారి జోలికి పోవద్దు. దొరికితే వీసా పోతుంది, మళ్లీ ఆ దేశం మెట్లు ఎక్కనివ్వరు. దొరకకపోయినా అబద్ధం మీద కట్టిన జీతం హలాల్ అవుతుందా అని ఎవరికి వారు ప్రశ్నించుకోవాలి.

ఏ దేశం ఎవరికి?

చేతిలో పని, కాగితం ఉన్నాయనుకుందాం. అప్పుడు దేశం ఎంచుకోవడం తేలికవుతుంది.

గల్ఫ్ దేశాలు: భాష పరీక్ష లేకుండా, తక్కువ సమయంలో వెళ్లగల దారి ఇదే. ఉర్దూ మాట్లాడేవారు తోడుంటారు, మసీదు దగ్గర్లో ఉంటుంది. కాని ఎన్నేళ్లు ఉన్నా సాధారణ కార్మికునికి అక్కడ పౌరసత్వం రాదు. తిరిగి రావడం ఖాయమని తెలుసుకుని పోవాలి. ఖతర్ 2021 మార్చి నుంచి నెలకు 1,000 రియాళ్ల కనీస వేతనం అమలు చేస్తున్నది. భోజనం, వసతి యజమాని ఇవ్వకపోతే అందుకు 300, 500 రియాళ్లు అదనం. యు.ఏ.ఇ.లో ఆఫర్ లెటర్‌ను అరబ్బీ, ఇంగ్లీషుతో పాటు పనివానికి తెలిసిన మూడవ భాషలోనూ ఇచ్చే పద్ధతి ఉంది. ఆ భాషల్లో ఉర్దూ కూడా ఉంది. ఇంట్లో ఉర్దూ చదివే పెద్దవారితో దానిని చదివించుకోవడం ఎంతో మేలు.

జర్మనీ: 2020 మార్చిలో నైపుణ్య కార్మికుల వలస చట్టం అమల్లోకి వచ్చింది. 2024 జూన్ నుంచి ‘అవకాశ కార్డు’ కూడా ఇస్తున్నారు. దీని మీద అక్కడికి వెళ్లి ఏడాది వరకు ఉద్యోగం వెతుక్కోవచ్చు. అందుకు డిగ్రీ గాని, మన ప్రభుత్వం గుర్తించిన కనీసం రెండేళ్ల వృత్తి శిక్షణ గాని ఉండాలి. జర్మన్ భాష మొదటి మెట్టు, లేదా మంచి స్థాయి ఇంగ్లీషు రావాలి. అక్కడ ఉన్నంత కాలం ఖర్చుకు సరిపడే డబ్బు ముందే చూపాలి. పైన ఐ.టి.ఐ. కోర్సుల సంవత్సరాల లెక్క చెప్పినది ఇందుకే. భారతీయ నైపుణ్య కార్మికులకు ఏటా ఇచ్చే వీసాలను 20,000 నుంచి 90,000కు పెంచుతామని జర్మనీ 2024 అక్టోబరులో ప్రకటించింది. నర్సింగ్ చదివిన ఆడపిల్లలకు ఇది మంచి దారి. అయితే భాష నేర్చుకోవడానికి ఏడాది అయినా కేటాయించాలి.

జపాన్: ‘నిర్దిష్ట నైపుణ్య కార్మికుడు’ అన్న వీసా 2019 ఏప్రిల్‌లో మొదలైంది. 2021 జనవరిలో భారత్, జపాన్ ఈ విషయమై ఒప్పందం చేసుకున్నాయి. వృద్ధుల సంరక్షణ, వ్యవసాయం, నిర్మాణం, ఆహార తయారీ, వాహనాల మరమ్మతు వంటి రంగాలు ఇందులో ఉన్నాయి. పని పరీక్ష, జపనీస్ భాష పరీక్ష రెండూ పాసవ్వాలి. మొదటి తరగతి వీసా మొత్తం ఐదేళ్లు, కుటుంబాన్ని తీసుకుపోయే వీలు లేదు. పెళ్లయినవారు ఈ సంగతి ముందే ఇంట్లో చెప్పుకోవాలి. హలాల్ భోజనం, నమాజు వేళల సంగతి కూడా యజమానితో ముందే మాట్లాడుకోవడం మంచిది.

ఇంగ్లండ్, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా: ఈ దారులు ఎక్కువగా పెద్ద చదువులు చదివినవారికి. ఇంగ్లండ్ 2025 జులై 22 నుంచి బయటి దేశాల వారికి కేర్ వర్కర్ వీసాలు ఆపేసింది. ఇంకా ఆ వీసా ఇప్పిస్తామని డబ్బు అడిగేవారు ఉంటే అది మోసమే. అమెరికా హెచ్-1బి వీసాలు ఏటా 85,000, వాటికి లాటరీ. 2025 సెప్టెంబరులో బయటి దేశాల నుంచి పెట్టే కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. కెనడా, ఆస్ట్రేలియా దేశాలు ఎలక్ట్రీషియన్, వెల్డరు వంటి వృత్తుల వారిని కూడా తీసుకుంటాయి. అందుకు ఇంగ్లీషు పరీక్ష, అనుభవ పత్రాలు పక్కాగా ఉండాలి. నియమాలు మారుతూ ఉంటాయి కాబట్టి ఆయా దేశాల ప్రభుత్వ ప్రకటనలనే నమ్మాలి.

డబ్బు ఎవరు కట్టాలి?

ఇక్కడే మన కుటుంబాలు ఎక్కువగా దెబ్బ తింటున్నాయి. వీసా అంటే అంగట్లో కొనే సరుకు అన్న భావన మనలో పాతుకుపోయింది. మన దేశపు నిబంధనల ప్రకారం లైసెన్సు గల రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు. దాని మీద 18 శాతం జి.ఎస్.టి. కలిపితే 35,400 రూపాయలు. అంతకు మించి అడగడం నేరం, ఇచ్చిన దానికి రసీదు తీసుకోవడం మన హక్కు. యు.ఏ.ఇ.లో 2022 ఫిబ్రవరి నుంచి అమలవుతున్న కార్మిక చట్టం ప్రకారం నియామకపు ఖర్చులు యజమానే భరించాలి, పనివాని నుంచి రాబట్టరాదు.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. ఏజెంటుకు లక్షన్నర రూపాయలు ఇవ్వడానికి నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారనుకుందాం. నెలకు వడ్డీయే 4,500 రూపాయలు. రెండేళ్ల ఒప్పందం ముగిసేసరికి వడ్డీ 1,08,000 రూపాయలు, అసలు లక్షన్నర అలాగే నిలిచి ఉంటుంది. ఇల్లు కట్టాలని పోయినవాడు రెండేళ్లు వడ్డీవ్యాపారి కోసం చెమటోడ్చాడన్న మాట. ఇస్లాం వడ్డీని ఎంత తీవ్రంగా నిషేధించిందో మనకు తెలియనిది కాదు. హలాల్ సంపాదన కోసం బయలుదేరే ప్రయాణాన్ని వడ్డీతో మొదలుపెట్టడం ఎంత విచారకరం! బంధువులు కలిసి వడ్డీ లేని అప్పు ఇవ్వడం, ఊళ్లో బైతుల్‌మాల్ ఉంటే దాని నుంచి సహాయం చేయడం వంటి మార్గాలను జమాఅత్ పెద్దలు ఆలోచించాలి. అల్లాహ్ మార్గంలో ఖర్చు అంటే ఇది కూడా కాదా?

అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు గడువుతో సహా రాసుకోవాలనీ, సాక్షులను పెట్టుకోవాలనీ అల్లాహ్ ఆదేశించాడు. ఖుర్‌ఆన్‌లోని అన్నిటికన్నా పెద్ద ఆయత్, బఖరా సూరాలోని 282వ ఆయత్, ఈ విషయం గురించే. అయినా మనం ‘మనోడే గదా, కాగితం ఎందుకు?’ అంటూ లక్షలు చేతిలో పోస్తున్నాం. కాగితం అడగడం అపనమ్మకం కాదు. అది అల్లాహ్ ఆజ్ఞను పాటించడం.

ఏజెంటు అసలువాడా?

ఊళ్లో తిరిగే మనిషి తరచు సబ్ ఏజెంటు. అతనికి లైసెన్సు ఉండదు. హైదరాబాద్‌లోనో, ముంబయిలోనో ఉన్న కార్యాలయం పేరు చెబుతాడు. ఆ కార్యాలయానికి విదేశాంగ మంత్రిత్వ శాఖ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు ఉందా, దాని గడువు ముగియలేదు కదా అన్నది ప్రభుత్వ ‘ఈ-మైగ్రేట్’ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. ఇంటర్నెట్ తెలిసిన పిల్లలు ప్రతి ఇంట్లో ఉన్నారు. పది నిమిషాల పని. అనుమానం ఉంటే ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 11 3090కి ఫోను చేయవచ్చు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ ‘టామ్‌కామ్’ కూడా రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెన్సీయే. గల్ఫ్‌తో పాటు జర్మనీ, జపాన్ ఉద్యోగాలకు కూడా ఎంపికలు జరుపుతుంది.

ఉద్యోగం పేరు ఎంత తీయగా ఉంటే అంత జాగ్రత్తగా ఉండాలి. రష్యాలో సహాయకుని పని అని తీసుకుపోయి యుద్ధంలో దించిన ఉదంతాలు 2024లో బయటపడ్డాయి. వాటిలో తెలంగాణ యువకులూ ఉన్నారు. థాయ్‌లాండ్‌లో కంప్యూటరు ఉద్యోగమని పిలిచి, సరిహద్దు దాటించి మయన్మార్‌లో బంధించి సైబర్ మోసాలు చేయించిన ముఠాల నుంచి 2025 మార్చిలో అయిదు వందల మందికి పైగా భారతీయులను వైమానిక దళ విమానాల్లో వెనక్కి తెచ్చారు. డిగ్రీ చదివినవారు కూడా ఈ ఉచ్చులో పడ్డారు. చదువు ఒక్కటే కాపాడదు, విచారణ కాపాడుతుంది.

ఇంటివారితో మష్వరా

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లం) మక్కా నుంచి మదీనాకు హిజ్రత్ చేసిన తీరు మనకు గొప్ప పాఠం. అల్లాహ్ మీద భరోసా ఆయనకన్నా ఎవరికి ఎక్కువ? అయినా ఏర్పాట్లలో ఒక్క లోటు రానివ్వలేదు. తన వద్ద ప్రజలు దాచుకున్న అమానత్‌లను తిరిగి అప్పగించడానికి హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచారు. దారి చూపడానికి అబ్దుల్లా బిన్ ఉరైఖిత్‌ను కూలికి కుదుర్చుకున్నారు. అతను ముస్లిం కాదు. కాని దారి తెలిసినవాడు, నమ్మదగినవాడు. మన మతస్థుడన్న ఒక్క కారణంతో ఏజెంటును నమ్మేవారు ఈ సంఘటనను గుర్తుంచుకోవాలి. కావలసింది విద్య, నమ్మకం. వాటిని విచారించి తెలుసుకోవాలి.

మదీనా చేరిన తర్వాత హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కి అన్సారీ సోదరుడు తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన దువా ఇచ్చి, బజారు దారి చూపమని మాత్రమే అడిగారు. చేతిలో వ్యాపార విద్య ఉంది కనుకనే ఆ ధైర్యం. పరాయి ఊళ్లో మనిషికి మొదటి ఆస్తి అతనికి వచ్చిన పనే.

కనుక నిర్ణయం ఒక్కరిది కాకూడదు. తల్లిదండ్రులు, భార్య కూర్చుని మాట్లాడుకోవాలి. భార్య హక్కులు, పిల్లల చదువు, ముసలివారి వైద్యం ఎవరు చూస్తారు? నెలకు ఎంత పంపుతారు? ఎవరి ఖాతాలో? ఎన్నేళ్లకు తిరిగి వస్తారు? మష్వరా తర్వాత ఇస్తిఖారా నమాజు చదవాలి. ఇస్తిఖారా చేశాం కదా అని కాగితాలు చూడకపోవడం మాత్రం తవక్కుల్ కాదు, అజాగ్రత్త.

బయలుదేరే ముందు ఇంట్లో ఉంచవలసినవి కొన్ని ఉన్నాయి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, ఏజెంటు రసీదు, యజమాని చిరునామా... వీటన్నిటి నకళ్లు ఒక సంచిలో పెట్టి భార్యకో, తల్లికో అప్పగించాలి. ఎమిగ్రేషన్ అనుమతితో వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియంతో ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల రూపాయల రక్షణ ఉంటుంది. ఆ పాలసీ కాగితం ఇంట్లో లేక పైకం రాబట్టుకోలేని అవస్థ ఏ ఇంటికీ రాకూడదు. గల్ఫ్‌లో మరణించిన తెలంగాణ కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సహాయం ఇచ్చేందుకు రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఉత్తర్వులు జారీ చేసింది. ఇవి అవసరం పడకూడదనే దువా చేద్దాం. కాని తెలిసి ఉండాలి.

డబ్బు ఇవ్వకముందు అడగవలసిన ప్రశ్నలు

వీసా మీద రాసిన పని నాకు వచ్చిన పనేనా?

కఫీల్ లేదా కంపెనీ పేరు ఏమిటి? జీతం ఇచ్చేది అదేనా?

జీతం, పని గంటలు, భోజనం, వసతి, సెలవు, తిరుగు టిక్కెట్ ఒప్పందంలో ఉన్నాయా?

ఏజెంటు రిజిస్ట్రేషన్ నంబరు సరిచూశామా? రసీదు ఇస్తాడా?

కుటుంబాన్ని పిలిపించుకునే వీలు ఉందా?

అప్పు ఎంత? ఎన్ని నెలల జీతంతో తీరుతుంది?

ఈ ప్రశ్నల్లో ఏ ఒక్కదానికి సూటిగా జవాబు రాకపోయినా ఆ వీసాను వదిలేయడమే మంచిది. ఒక వీసా పోతే మరొకటి వస్తుంది. పోయిన పొలం, వృథా అయిన యవ్వనం తిరిగి రావు. రిజ్క్ ఇచ్చేవాడు అల్లాహ్. ఆయన భూమి విశాలమైనది. దానిలో తిరిగి ఆయన అనుగ్రహాన్ని అన్వేషించడం మనకు అనుమతించబడినది. ఆ అన్వేషణ నేర్చుకున్న పనితో, నిజం చెప్పే కాగితంతో, వడ్డీ లేని సొమ్ముతో సాగాలి. మన పిల్లలు వెళ్లిన దారినే గౌరవంగా తిరిగి వచ్చే భాగ్యాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక, ఆమీన్.